డబ్బు వాపసు ఇస్తే మాట చెల్లినట్టేనా?

ఫోనులో వస్తువు ఎంచుకుంటాం, డబ్బంతా ముందే కడతాం, ఆర్డరు ఖరారైందని సందేశం వస్తుంది. నాలుగు రోజులాగి మరో సందేశం వస్తుంది: ఆర్డరు రద్దయింది, మీ సొమ్ము త్వరలో ఖాతాకు చేరుతుంది. కారణం రాయరు. రాసినా ‘అనివార్య పరిస్థితులు’ అన్న రెండు మాటలే. సొమ్ము తిరిగొచ్చాక కొన్నవారికి ఇంకేమైనా రావలసి ఉందా? ఈ ప్రశ్న మీద ఎదురెదురు వాదాలు గల ఇద్దరి సంభాషణ ఇది. వదిన గుంటూరులో వకీలు, వినియోగదారుల కేసులు చూస్తుంది. మరిది మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్ వేదికల మీద అమ్ముతాడు.

మరిది: ముందు నా మాట చెప్పనివ్వండి వదినా. డబ్బు పుచ్చుకుని సరుకు ఎగ్గొడితే అది మోసం, ఒప్పుకుంటాను. పైసాతో సహా తిరిగిచ్చేశాక ఇంక మోసమెక్కడిది? కొన్న మనిషి కొనకముందు ఎక్కడున్నాడో మళ్ళీ అక్కడే ఉన్నాడు.

వదిన: అక్కడ లేడు. మన తగాదా అంతా దాని గురించే. ఒకావిడ దసరా అమ్మకాల్లో 32,000 రూపాయలు కట్టి ఫ్రిజ్ కొన్నదనుకో. అది దొరికిందన్న ధీమాతో మిగతా చోట్ల ఉన్న తగ్గింపులు వదిలేసుకుంది. అమ్మకాలు ముగిసిన మర్నాడు ఆర్డరు రద్దు చేశారు. డబ్బు ఇంకో వారానికి వచ్చింది. అప్పటికి అదే ఫ్రిజ్ 38,000. ఆవిడ చేతిలో 32,000 ఉన్నాయి కానీ ఆ డబ్బుకు ఇప్పుడు ఆ ఫ్రిజ్ రాదు. ఆ 6,000 తేడా ఎవరు భరించాలి? మాట ఇచ్చినవాడా, నమ్మినావిడా?

మరిది: ధరలు పెరగడం నా చేతిలో లేదు కదా.

వదిన: రద్దు చేయడం నీ చేతిలో ఉంది. పైగా ఈఎంఐ మీద కొని ఉంటే బ్యాంకు తీసుకున్న ప్రాసెసింగు ఫీజూ, వడ్డీ మీద పడ్డ 18 శాతం జీఎస్టీయూ చాలాసార్లు వెనక్కి రావు. ఆర్డరు రద్దయినా ఆ ఖర్చు ఆవిడ మీదే ఉంటుంది. ఇంత జరిగాక ‘పైసాతో సహా’ అనగలవా?

మరిది: సరే, చట్టమే మాట్లాడదాం. ప్రతి వేదిక నిబంధనల్లోనూ ఒక వాక్యం ఉంటుంది. ‘ఆర్డరు అందినట్టు మేం పంపే సందేశం అంగీకారం కాదు, సరుకు పంపినప్పుడే ఒప్పందం కుదురుతుంది.’ కొన్నవాడు దానికి ఒప్పుకునే మీట నొక్కాడు. దుకాణం అద్దాల్లో పెట్టిన ధర చీటీ కూడా అమ్ముతానన్న వాగ్దానం కాదు, బేరానికి పిలుపు మాత్రమేనని మీ కాంట్రాక్టు చట్టమే చెబుతుందని విన్నాను.

వదిన: విన్నది నిజమే. వస్తువును తెర మీద పెట్టడం పిలుపే. కొనేవాడు ఆర్డరు ఇవ్వడం ప్రతిపాదన. అయితే ఆ ప్రతిపాదనతో పాటు అతను డబ్బు కూడా పంపాడు, నువ్వు తీసుకున్నావు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ చూడు. ప్రతిపాదనతో పాటు ఇచ్చిన ప్రతిఫలాన్ని పుచ్చుకోవడం కూడా అంగీకారమే అంటుంది. డబ్బు నీ దగ్గర ఉంచుకుని, ఖరారైందని సందేశం పంపి, ఇంకా ఒప్పందం కుదరలేదంటే న్యాయస్థానం అంత తేలిగ్గా ఒప్పుకోదు. మన ఊళ్ళలో సంచకారం పుచ్చుకున్నాక అమ్మేవాడు వెనక్కి తగ్గితే పెద్దమనుషులు ఊరుకునేవారా? అక్కడ పుచ్చుకునేది ధరలో ఒక వాటా. ఇక్కడ మొత్తం ధరా ముందే పుచ్చుకుంటున్నారు.

మరిది: కానీ రాసుకున్న నిబంధన?

వదిన: దానికీ సమాధానం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న నిర్వచనం చేర్చారు. సరైన కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా ఒప్పందాన్ని తెంచుకునే వీలు కల్పించే షరతు ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఒక మెలిక మాత్రం ఉంది. ఆ షరతునే కొట్టేయమని అడగాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. అందుకే జిల్లాలో మేం సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు మాటల మీద వాదిస్తాం. తగ్గింపు ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా, లేదా తగినంత సరుకు లేకుండా ఆ ధరను ప్రకటించడం అనుచిత పద్ధతేనని చట్టంలో స్పష్టంగా ఉంది. ఎరగా ఒక ధర చూపించి, కొనబోయే సమయానికి అది లేదని ఖరీదైనది అంటగట్టడాన్ని 2023 నవంబరు 30న కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు కూడా నిషేధించాయి. అలాంటి మాయపద్ధతులు వాటిలో 13 ఉన్నాయి.

మరిది: ఎర వేసేవాళ్ళను నేనూ సమర్థించను. నా కష్టం వేరు. చేనేత చీర ఒక్కోటి ఒక్కటే ఉంటుంది వదినా. నిజాం అంచు చీర, అదే రంగు, అదే బుటా, రెండోది మగ్గం మీద ఉండదు. దాన్ని రెండు వేదికల మీద పెడతాను. ఐదు నిమిషాల తేడాతో రెండు చోట్లా అమ్ముడుపోతుంది. ఒకటి రద్దు చేయక ఏం చేయను? కొరియర్ వాడు మా వీధికి రాకపోయినా రద్దు నా లెక్కలోనే పడుతుంది. ఇంకో సంగతి. ఒకే రకంవి చాలా ఉన్న మామూలు చీరలకు ధర కొట్టేటప్పుడు ఒక సున్నా జారిపోయింది, 4,500 చీర 450 అయింది. తెల్లారేసరికి అరవై ఆర్డర్లు. అరవై చీరలూ ఆ ధరకు ఇచ్చి నేను రోడ్డున పడాలా?

వదిన: రెండూ వేరు వేరు సంగతులు, కలపకు. సున్నా జారిన సంగతి ముందు. అందులో నీ పక్షాన కూడా తీర్పులున్నాయి. సింగపూర్‌లో 2003లో ఒక వెబ్‌సైటు 3,854 డాలర్ల లేజర్ ప్రింటరును పొరపాటున 66 డాలర్లకు పెట్టింది. ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డరిచ్చారు. అది పొరపాటని వాళ్ళకు తెలుసని హైకోర్టు తేల్చింది, ఒప్పందం చెల్లదంది. 2005లో అప్పీలు కోర్టూ అదే మాట ఖాయం చేసింది. ఎదుటివాడి పొరపాటు తెలిసి కూడా దాన్ని ఎగరేసుకుపోదామని చూసేవాడికి చట్టం అండ కాదు.

మరిది: అదీ న్యాయం!

వదిన: ఆగు. బ్రిటన్‌లో కోడక్ 2002లో 329 పౌండ్ల కెమెరాను 100 పౌండ్లకు పెట్టింది, ఆర్డర్లు ఖరారు చేస్తూ మెయిళ్ళు పంపింది. పొరపాటన్నది, ఇవ్వనంది. కొన్నవాళ్ళు వదల్లేదు. చివరికి ఆ ధరకే ఇచ్చింది. తేడా ఎక్కడుంది? 66 డాలర్ల ప్రింటరు చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. 100 పౌండ్ల కెమెరా మంచి తగ్గింపని మామూలు మనిషి నమ్ముతాడు. పండగ అమ్మకాల్లో 70 శాతం తగ్గింపని మనమే పేపరు మొదటి పేజీ నిండా వేస్తున్నాం. అలా జనాన్ని అలవాటు చేసి, తర్వాత ‘ఆ ధర అసంభవమని నీకు తెలిసుండాల్సింది’ అనడం కుదరదు.

మరిది: మన దేశంలో అలాంటి కేసు వచ్చిందా?

వదిన: వచ్చింది. ఒడిశాలో ఒక న్యాయ విద్యార్థి 2014లో అమెజాన్‌లో 23,499 రూపాయల ల్యాప్‌టాప్‌ను 190 రూపాయలకు చూసి కొన్నాడు. ఆర్డరు ఖరారైంది, తర్వాత ధరలో సమస్య అని రద్దు చేశారు. అతను మరో ల్యాప్‌టాప్ కొనుక్కోవాల్సి వచ్చింది. 2021లో ఒడిశా రాష్ట్ర కమిషన్ ఖర్చులతో కలిపి 45,000 రూపాయలు ఇమ్మని ఆదేశించింది.

మరిది: 190 రూపాయల ల్యాప్‌టాప్! అతనికి మాత్రం తెలీదా అది పొరపాటని? మీ సింగపూర్ కొలత ఇక్కడేమైంది?

వదిన: న్యాయమైన ప్రశ్నే. నా సొంత అభిప్రాయం అడిగితే, 190కే ఇమ్మనడం ఎక్కువే అయ్యేది. కమిషన్ దాన్ని పరిహారంగా తేల్చింది. ప్రకటన ఇచ్చింది మీరు, ఆర్డరు ఖరారు చేసింది మీరు, దాన్ని నమ్మి పని పెట్టుకున్నవాడి ఇబ్బందికి బాధ్యత మీదే అన్నది నాకు అందులో కనిపించే సారం. నీ 450 చీర సంగతీ అంతే. అరవై చీరలూ ఇవ్వమని నేను అనను. కానీ పొరపాటు చూసిన గంటలోనే అందరికీ ఉన్నమాట రాయి, డబ్బు వెంటనే వెనక్కి పంపు. నాలుగు రోజులు నానబెట్టి ‘అనివార్య పరిస్థితులు’ అని రాస్తే, పొరపాటు కూడా తప్పుగా మారుతుంది.

మరిది: మరి ఒకే చీర రెండుచోట్ల అమ్ముడైన సంగతి?

వదిన: అందులో నీకు సాకు లేదు. ఒక్క చీరను రెండుచోట్ల పెట్టడం నువ్వు లాభం కోసం ఎంచుకున్న పద్ధతి. రెండుచోట్లా కనిపిస్తే త్వరగా అమ్ముడవుతుంది. ఆ లాభం నీది కాబట్టి, రెండుచోట్లా అమ్ముడైతే వచ్చే నష్టం కూడా నీదే. దాన్ని కొన్నావిడ మీదికి తోయకూడదు.

మరిది: అంత కఠినంగా చూస్తే చిన్నవాడు బతకడు. నేను రద్దు చేస్తే వేదిక నా మీద జరిమానా వేస్తుంది, నా రేటింగు పడిపోతుంది, నా సరుకును వెనక పేజీలకు తోస్తుంది. నేను శిక్ష అనుభవిస్తూనే ఉన్నాను.

వదిన: ఆ జరిమానా ఎవరికి చేరుతుంది?

మరిది: వేదికకే.

వదిన: చీర కోసం ఎదురుచూసినావిడకు అందులో ఎంత?

మరిది: ఏమీ లేదు.

వదిన: నా వాదమంతా ఆ మాటలో ఉంది. నష్టపోయింది ఒకరు, పరిహారం వసూలు చేసుకుంటున్నది మరొకరు. మాట తప్పడానికి ఒక వెల ఉందని వేదికే ఒప్పుకుంటోంది, ఆ వెలను మాత్రం మాట నమ్మిన మనిషికి ఇవ్వడం లేదు.

మరిది: ఇది నేనెప్పుడూ ఇలా చూడలేదు. అయినా ఒకటి చెప్పండి. కొనేవాళ్ళు రోజూ రద్దు చేస్తారు. నేను చీర మడత పెట్టి పెట్టెలో పెట్టాక ‘వద్దు’ అంటారు. ఇంటిదాకా వెళ్ళాక తలుపు తీయరు. వాళ్ళకు ఏ శిక్షా లేదు. నాకెందుకు?

వదిన: ఈ లెక్క కోసమే 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లో 4వ నియమంలో ఒక నిబంధన పెట్టారు. వేదిక తను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే తనూ భరిస్తేనే, కొన్నవాడు రద్దు చేసినప్పుడు అతని దగ్గర రుసుము తీసుకోవాలి. సమానత్వం బాగానే ఉంది, కానీ ఇద్దరికీ సున్నా పెడితే చట్టం తృప్తిపడుతుంది. ఆ సున్నా ఇద్దరికీ ఒకటి కాదు. పంపకముందు కొన్నవాడు వద్దంటే నీ చీర నీ దగ్గరే ఉంది, మధ్యాహ్నానికి ఇంకొకరికి అమ్ముతావు. పండగకు రెండు రోజుల ముందు నువ్వు వద్దంటే ఆవిడకు పండగ మళ్ళీ రాదు. తలుపు తీయనివాళ్ళ సంగతి వేరు. నీకు నిజంగా ఖర్చయింది కాబట్టి వాళ్ళ దగ్గర రానూపోనూ ఖర్చు తీసుకోమంటాను. అలాగే నువ్వూ ఇవ్వు.

మరిది: వేదిక మాత్రం తప్పించుకుంటుందేం? ‘మేం మధ్యవర్తులం, అమ్మింది ఫలానా సెల్లరు’ అంటుంది. తిట్లు మాకు, కమీషన్ దానికి.

వదిన: ఆ వాదన వెనక ఒక చరిత్ర ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్ వేదికలు సొంత సరుకు అమ్మకూడదని మన విధానం. ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. ఆ రెండింటినీ కవచంగా పట్టుకుంటారు. కానీ అన్నిచోట్లా అది చెల్లలేదు. ముంబైలో ఒకాయన 2022 జులైలో 39,628 రూపాయలు కట్టి ఫ్లిప్‌కార్ట్‌లో ఐఫోను కొన్నాడు. ఆరు రోజులకు రద్దయిందన్నారు. డెలివరీకి వెళ్తే మనిషి లేడన్నారు, మేం మధ్యవర్తులమన్నారు. డబ్బు తిరిగొచ్చింది. అయినా జిల్లా కమిషన్ అది అదనపు లాభం కోసం చేసిన ఏకపక్ష రద్దని, సేవాలోపమని తేల్చి 10,000 రూపాయల పరిహారం ఇమ్మంది. డబ్బు తిరిగివ్వడంతో బాధ్యత ముగియదన్న నా మాటకు అంతకన్నా సూటి సాక్ష్యం లేదు. సెల్లరు తప్పిన చోట వేదిక బాధ్యత పడాలని కేంద్రం 2021 జూన్‌లో ముసాయిదా తెచ్చింది, అది ముసాయిదాగానే ఆగింది.

మరిది: తీర్పులు బాగున్నాయి. కానీ 500 రూపాయల చీర కోసం కోర్టుకెళ్ళేదెవరు?

వదిన: వెళ్ళడం జనం అనుకునేంత కష్టం కాదు. నువ్వు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మిన కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరు కావచ్చు. రెండేళ్ళ గడువుంది. దానికి ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఖరారు సందేశం, ధర కనిపించే తెర, డబ్బు పోయిన బ్యాంకు వివరం, రద్దు సందేశం దాచుకోవాలి. అదే వస్తువు ఆ రోజు ఎంత ధరకు అమ్ముతున్నారో అది కూడా ఫొటో తీసి పెట్టుకోవాలి, తేడాకు రుజువు అదే. తర్వాత ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి: ఒప్పుకున్న ధరకే వస్తువు పంపండి, లేదా ధర తేడా ఇవ్వండి. ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కి ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయవాణిలో నమోదు చేయాలి. చాలా గొడవలు అక్కడే సర్దుబాటు అవుతాయి.

మరిది: రీఫండును వాలెట్లో వేసి ‘వెంటనే ఇచ్చేశాం’ అంటారు, అది చెల్లుతుందా?

వదిన: కొన్నవాడు ఒప్పుకుంటేనే. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి వెళ్ళాలని రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో పేమెంట్ సంస్థలకు చెప్పింది. తొందరలో ‘సరే’ నొక్కితే మన సొమ్ము మళ్ళీ వాళ్ళ దుకాణంలోనే ఖర్చవుతుంది. ఇంకో జాగ్రత్త అందరికీ చెప్పు. రద్దు సందేశం వచ్చాక కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, ఫోను తెర ఎవరికీ చూపించనక్కర్లేదు. అలా అడిగినవాడు దొంగే, వెంటనే 1930కి చెప్పాలి.

మరిది: ఇన్ని ఉన్నాయి కాబట్టి ఉన్న చట్టం చాలుతుంది, మా మీద కొత్త భారం వద్దంటాను.

వదిన: చాలదు. నోటీసు అందిన మూడు నెలల్లో కేసు తేల్చాలని చట్టం చెబుతుంది. ఒడిశా కుర్రాడు ఆరేళ్ళు తిరిగాడు. 500 రూపాయల చీరకు అంత ఓపిక ఎవరికీ ఉండదు, ఉండకపోవడం తప్పూ కాదు. అడిగి సాధించుకునే ఖర్చు హక్కు విలువను మించిపోతే ఆ హక్కు ఉన్నా లేనట్టే. అందుకే నేను కోరేది అడగకుండానే అందే పరిహారం. ఇది కొత్త ఊహ కాదు. టికెట్ ఖరారైన ప్రయాణికుణ్ణి విమానం ఎక్కించుకోకుండా 24 గంటల్లోపు వేరే విమానంలో పంపితే ఛార్జీకి రెట్టింపు, 10,000 దాకా ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమైతే నాలుగు రెట్లు, 20,000 దాకా. గంటలోపే మరో విమానం ఇస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. మన ఖాతాలో డబ్బు కోతపడి దుకాణానికి చేరకపోతే, ఐదు రోజుల గడువు దాటాక రోజుకు 100 రూపాయలు బ్యాంకు తనంతట తానే వేయాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. జనం ఒకటి గమనించాలి. ఆ 100 రూపాయలు లావాదేవీ మధ్యలో చిక్కుకున్నప్పుడే. డబ్బు సవ్యంగా చేరాక అమ్మినవాడు రద్దు చేస్తే అది వర్తించదు. విమానానికి ఒక లెక్క ఉంది, బ్యాంకుకు ఒక లెక్క ఉంది. ఆన్‌లైన్ దుకాణానికి మాత్రం లేదు. ఆ ఖాళీ పూడ్చాలి.

మరిది: ఎంతని?

వదిన: ధరలో పదో వంతు చాలు, ఒక గరిష్ఠ పరిమితితో. ఆర్డరిచ్చిన గంటలోపు రద్దు చేసి డబ్బు వెనక్కి పంపితే ఏమీ వద్దు. ఎవరికైనా తెలిసిపోయే ధర పొరపాటుకు మినహాయింపు. వరద, తుఫాను లాంటివాటికి మినహాయింపు. కానీ ‘సరుకు లేదు’కు మినహాయింపు వద్దు, ఎందుకంటే సరుకుందో లేదో చూసుకోవలసింది అమ్మేవాడే. ఇక నీ మీద వేస్తున్న జరిమానాను వేదిక తన దగ్గర ఉంచుకోకుండా నేరుగా కొన్నవారికి పంపాలి. ఆ మేరకు నీకు కొత్త భారమేమీ లేదు. ఇప్పుడు కడుతున్నదే సరైన మనిషికి చేరుతుంది.

మరిది: ఆ చివరిదానికి నేను సంతకం పెడతాను. పదో వంతు మాత్రం ఒప్పుకోను వదినా. 20,000 పట్టుచీరకు 2,000 అంటే నాకు ఆ చీర మీద మిగిలేదంతా పోతుంది. పెద్ద కంపెనీకి అది లెక్కే కాదు. చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకే కొలత పెడితే చిన్నవాడే ముందు మూసేస్తాడు.

వదిన: ఆ అభ్యంతరం సబబే. శాతం ఎంతన్నది వ్యాపారం పరిమాణాన్ని బట్టి పెట్టమను, నేను పట్టుబట్టను. సున్నా మాత్రం కాకూడదు. సున్నా ఉన్నంతకాలం రద్దు చేయడం ఉచితం. ఉచితమైనదాన్ని పెద్దవాళ్ళు వ్యాపార సూత్రంగా వాడతారు. ధర పెరిగితే రద్దు, తగ్గితే పంపడం. నీలాంటి నిజాయితీపరుడు అప్పుడప్పుడు తప్పక రద్దు చేస్తాడు, వాళ్ళు లెక్క వేసుకుని రద్దు చేస్తారు. వెల పెడితే నష్టపోయేది ఎక్కువగా వాళ్ళే.

మరిది: నా మటుకు ఇకనుంచి ఒక్కటే ఉన్న చీరను ఒక్కచోటే పెడతాను. అమ్మకం కాస్త నెమ్మదిస్తుంది, నెమ్మదించనివ్వండి. రద్దు చేయాల్సి వస్తే కారణం ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వేదిక ఏమీ ఇవ్వకపోయినా, ఆ ఆర్డరిచ్చినవాళ్ళు వచ్చేసారి కొనే చీర మీద తగ్గింపు నేనే ఇస్తాను.

వదిన: తగ్గింపు కన్నా నగదు మంచిది. మాట తప్పిన దుకాణానికే మళ్ళీ రమ్మనడం పరిహారం కాదు. ఖాతాకు వేయి, చిన్న మొత్తమైనా సరే. చట్టం ఎప్పుడో వస్తుంది. అందాకా, డబ్బు ముందు పుచ్చుకునే ప్రతి అమ్మకందారూ ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: నేను మాట తప్పితే దాని ఖర్చు నా పెట్టెలోంచే పోవాలి, నన్ను నమ్మినవారి ఇంట్లోంచి కాదు.